ఒక్క కోను, పలకరాతి పెట్టె

స్పీకరు పెట్టెలు చెయ్యడం నేర్చుకుంటామని మార్కాపురంలో నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటిరోజు డ్రైవరు, అంటే కోను ఉన్న అసలు స్పీకరు, చేతికివ్వను. రెండు చెక్కముక్కలిచ్చి వేలి కణుపుతో తట్టమంటాను. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తడితే మోత కాసేపు సాగుతుంది. పద్దెనిమిది మిల్లీమీటర్లది టక్కున ఆగిపోతుంది. మోగాల్సింది కోను, పెట్టె కాదు. ఈ ఒక్కటీ చెవికి పట్టాక మిగతా పనంతా చేతికి అదే వస్తుంది.

నేను చేసేవన్నీ ఫుల్‌రేంజ్ స్పీకర్లు. పెట్టెకు ఒక్కటే డ్రైవరు. బాస్‌కు ఒకటి, పై స్వరాలకు ఒకటి అని విడదీసి, సిగ్నల్ పంచడానికి మధ్యలో క్రాసోవర్ పెట్టే పని లేదు. డబ్బు మిగిలేది అక్కడే. అంతకన్నా పెద్ద లాభం గొంతులో ఉంది. మామూలు రెండు డ్రైవర్ల పెట్టెలో క్రాసోవర్ రెండు, మూడు వేల హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మన చెవి బాగా చురుగ్గా ఉండే చోటే అది. అక్కడ అతుకు సరిగా కుదరకపోతే ఘంటసాల పద్యం ఎత్తుకున్నప్పుడు గొంతు రెండు చోట్ల నుంచి వచ్చినట్టుంటుంది. ఒక్క కోనుతో ఆ బెడద లేదు. అయితే నేల అదిరే బాస్ మాత్రం రాదు. ఊరేగింపుకు కావాలన్న వాళ్లను మైకు సెట్ల వాళ్ల దగ్గరికి పంపించేస్తాను.

నాకీ పని నేర్పింది గిద్దలూరులో ఒక రేడియో మెకానిక్. వాల్వు రేడియోల మీద చెయ్యి తిరిగిన మనిషి. పాత స్పీకరు చేతికి రాగానే కోనును రెండు బొటనవేళ్లతో సమంగా లోపలికి నొక్కేవారు. కాయిల్ ఎక్కడైనా గీసుకుంటుంటే ఆయన వేళ్లకు తెలిసేది. పరీక్షకు పాట పెట్టేవారు కాదు, ఆకాశవాణి వార్తలు పెట్టేవారు. శ, ష, స మూడూ దేనికది వినబడాలి. ‘స’ దగ్గర ఉస్సుమని కోసుకుంటే పై స్వరాల్లో ఎక్కడో మిట్ట ఉన్నట్టు. పాటలో వాద్యాల వెనక అది దాక్కుంటుంది, వార్తల్లో దాక్కోలేదు. ఇప్పటికీ నా దగ్గర తయారైన ప్రతి జతకూ మొదటి పరీక్ష అదే.

డ్రైవరు కొనేటప్పుడు డబ్బా మీది వాట్లు చూడకు. ఇంటి గదిలో పాట వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు. చూడాల్సినవి మూడు అంకెలు: కోను తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ ఎఫ్‌ఎస్, ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే క్యూటీఎస్, పెట్టె సైజు తేల్చే వాస్. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కలను ఒక దారికి తెచ్చారు. ఖరీదైన డ్రైవరుతో ఈ అంకెల కాగితం వస్తుంది. మనం కొనే చవక డ్రైవరుకు రాదు కాబట్టి కొలుచుకోవాలి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్, ఒక చిన్న యాంప్లిఫయర్, డ్రైవరుకు సిరీస్‌లో వంద ఓంల రెసిస్టర్, మల్టీమీటర్ ఉంటే చాలు. టోన్ మెల్లగా పెంచుకుంటూ పో. డ్రైవరు కొసల మధ్య వోల్టేజీ ఎక్కడ శిఖరానికి చేరితే అదే ఎఫ్‌ఎస్.

తర్వాత కంసాలి కొట్లో ఐదు గ్రాముల లప్పం తూయించుకుని కోను మధ్య గుండ్రంగా అంటించి మళ్లీ కొలువు. 80 హెర్ట్జ్ ఉన్నది 65కు దిగిందనుకో, కదిలే భాగం బరువు పది గ్రాములకు కాస్త తక్కువని లెక్క తేలుతుంది. అక్కడి నుంచి కోను వైశాల్యం కలుపుకుంటే వాస్ వస్తుంది. నేను కంసాలి తక్కెడ దగ్గరికి వెళ్తే ఆయన ఇప్పుడు అడక్కుండానే లప్పం అందుకుంటాడు.

క్యూటీఎస్ 0.4 దగ్గరుంటే పైపు పెట్టిన పెట్టె చెయ్యి. 0.7 దాటితే మూసేసిన పెద్ద పెట్టె, లేదా వెనక తెరిచి వదిలేసిన బల్ల. ఇది చూసుకోకుండా ఒక కుర్రవాడు ఫొటోలో కొలతలు చూసి పైపు పెట్టెలు చేసి కంభం నుంచి మోసుకొచ్చాడు. మృదంగం ప్రతి దెబ్బా బూమ్మని సాగుతోంది. పైపుల్లో పాత గుడ్డ గట్టిగా కుక్కాం. సగం జబ్బు అక్కడికక్కడే వదిలింది. అతను ఇప్పుడు నాకంటే ఓపిగ్గా కొలుస్తాడు.

ఆరున్నర అంగుళాల డ్రైవరుకు, క్యూటీఎస్ సరిపోతే, నేను ఎక్కువగా చేసే పెట్టె లోపలి కొలతలు రాసుకో: వెడల్పు 19, లోతు 30, ఎత్తు 48 సెంటీమీటర్లు. ఇరవై ఏడు లీటర్ల పైచిలుకు. మూడు కొలతలూ మూడు రకాలుగా ఉండటం కావాలనే. రెండు కొలతలు సమానమైతే లోపల గాలి ఒకే స్వరం దగ్గర పదేపదే మోగుతుంది. డ్రైవరు కన్నం కూడా ఎత్తుకు సరిగ్గా సగంలో కొట్టకు. ఒక ఎనిమిది నాలుగు అడుగుల ప్లైవుడ్డు షీటులో జత పెట్టెలు పోను ఇంకా చెక్క మిగులుతుంది. కోతకు నేను వెళ్లేది మా వీధి చివరి వడ్రంగి మామ దగ్గరికే. మూల మట్టం తేడా వస్తే ఆ ముక్క పక్కన పడేసి మళ్లీ కోస్తాడు తప్ప ఫెవికాల్‌తో సందు నింపడు. నా పెట్టెలకొచ్చిన పేరులో సగం ఆయనది. మా ఎండలకు చెక్క ఎండి అతుకు విచ్చుతుంది, అందుకే లోపలి మూలలన్నిటికీ రీపరు వేసి, సీలెంట్ గీత లాగుతాం. సూది మొనంత సందున్నా గాలి ఈల వేస్తుంది.

ఇక పలకరాయి. దేశం నలుమూలలా బడిపిల్లలు మా ఊరి పలకల మీద అక్షరాలు దిద్దారు. పలకకు పనికిరాని ముక్కలు గనుల దగ్గర, మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉంటాయి. ఆ ముక్కే నా పెట్టెకు ప్రాణం. ఆరు మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు పదహారు కిలోల దాకా తూగుతుంది. పెట్టె లోపలి గోడలకు వేర్వేరు సైజు ముక్కలు సిలికాన్‌తో అంటిస్తాను. గట్టిపడే జిగురు వాడను. సిలికాన్ కాస్త సాగుతుంది, చెక్కకూ రాయికీ మధ్య ఆ సాగుడే కంపనాన్ని మింగేస్తుంది. అంటించే ముందు రాయిని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే దుమ్ము పట్టు వదిలేస్తుంది. పెట్టెకు నాలుగైదు కిలోల బరువు పెరుగుతుంది. రాయి దాదాపు రెండు లీటర్ల చోటు తింటుంది, అది ముందే లెక్కలో వేసుకో. జర్మనీలో ఫిషర్ అండ్ ఫిషర్ వాళ్లు పెట్టె మొత్తం పలకరాతితోనే చేసి ప్రపంచానికి అమ్ముతారు. మన ఊళ్లో అది దారి పక్కన పారేసిన సరుకు. ఈ మాట ఎప్పుడు తలుచుకున్నా నాకు మనసు పొంగుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కొయ్యి, ముక్కుకు మాస్కు కట్టు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది.

లోపల పరవడానికి గొర్రెబొచ్చును మించింది లేదు. పాత గొంగడి ముక్కలు వెనక గోడకూ పక్కలకూ కొట్టి, పురుగు పట్టకుండా ఒక కలరా ఉండ గుడ్డలో కట్టి పడేస్తాను. పైపు నోటికి దోమతెర జాలీ తప్పదు, బల్లులకు ఆ చీకటి చాలా ఇష్టం. పైపుకు ప్లంబింగ్ కొట్లో దొరికే 63 మిల్లీమీటర్ల పీవీసీ సరిపోతుంది. పది సెంటీమీటర్లతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా కోసుకుంటూ రా. 50 హెర్ట్జ్‌కు ట్యూన్ కావాలంటే ఎనిమిది దగ్గర ఆగాల్సి వస్తుంది. కోసింది మళ్లీ అతకదు.

వైర్లు కలిపే ముందు ఒకటిన్నర వోల్టుల సెల్లు తాకించి చూడు. ప్లస్ ప్లస్‌కు తగిలితే కోను ముందుకు రావాలి. రెండింటిలో ఒకటి తిరగబడితే బాస్ మాయమై, గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియకుండా పోతుంది. మొన్న ఒక టైలరు తన కొత్త జత పనికిరాదని వాపసు తెచ్చాడు. డ్రైవరు మార్చమని గొడవ. ఒక పక్క వైర్లు తిప్పి కలిపాను, అంతే.

చివరిగా మిగిలేది గొంతు పలచబడటం. పెట్టె ముందుపలక వెడల్పు 22, 23 సెంటీమీటర్లుంటే దాదాపు 500 హెర్ట్జ్ కింద శబ్దం వెనక్కు కూడా పారిపోతుంది, పై స్వరాలు ముందుకే వస్తాయి. అందుకని ఎనిమిది ఓంల డ్రైవరుకు సిరీస్‌లో 1.5 మిల్లీహెన్రీల కాయిల్, దానికి సమాంతరంగా 4.7 ఓంల, పది వాట్ల రెసిస్టర్ పెడతాను. పెట్టాక ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం వెయ్యి. నాదస్వరం పెట్టె తప్పులను దాచదు. చెవికి గుచ్చుకుంటే 6.8 ఓంలది వేసి చూడు. గొంగడి కప్పినట్టు మూసుకుపోతే 3.3 వెయ్యి. పెట్టెలను గోడ దగ్గరికి జరిపితే బాస్ పెరుగుతుంది, అప్పుడు రెసిస్టర్ ఇంకా తగ్గించొచ్చు. రెసిస్టర్‌ను ముందే సోల్డర్ చెయ్యకు, వారం రోజులు స్క్రూ కనెక్టర్‌లోనే ఉండనివ్వు.