తుంగభద్ర ఒడ్డున పొయ్యి ఆరని ఊరు

తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల్లో గంగామూల దగ్గరే పుడతాయి. పుట్టిన చోటు ఒకటే అయినా చెరో దారి పట్టి, శివమొగ్గ దాటాక కూడలిలో మళ్ళీ కలుస్తాయి. అక్కణ్ణుంచి హరిహరం మీదుగా వచ్చే నదిని హొసపేట దగ్గర 1953లో పూర్తయిన ఆనకట్ట పట్టి నిలుపుతుంది. అనంతపురం, కర్నూలు రైతులకు ఈ నీళ్ళ విలువ వేరే చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు సీమ రైతు ప్రాణం గిలగిల్లాడింది. ప్రవాహం ఆగకుండానే అక్కడ తాత్కాలిక గేటు దింపించిన అనుభవజ్ఞుడు మన తెలుగు ఇంజనీరు కన్నయ్యనాయుడు.

ఆనకట్ట దిగాక నది బండరాళ్ళ నడుమ పడుతుంది. కుడి ఒడ్డున హంపీ, ఎడమ ఒడ్డున ఆనెగొంది. హంపీ చూడ్డానికి దేశదేశాల వాళ్ళు వస్తారు. నది దాటేవాళ్ళు కూడా చాలామంది అంజనాద్రి మెట్లెక్కి హనుమంతుడికి దణ్ణం పెట్టుకుని, పంపా సరోవరం చూసుకుని వెనక్కి మళ్ళుతారు. నన్నడిగితే ఈ నది పొడవునా ముందు చూడాల్సింది ఆనెగొందినే.

వయసులో హంపీ రాజధానికి ఇది అక్క. 1327లో ఈ ప్రాంతాన్ని ఏలిన కంపిలి రాజ్యం ఢిల్లీ సేనల చేతిలో కూలింది. తర్వాత దశాబ్దం తిరక్కముందే అవతల హంపీలో విజయనగరం లేచింది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు తరలిపోయింది, అవతలి ఒడ్డున మహానగరం పాడుపడింది. ఆనెగొందిలో మాత్రం పొయ్యి ఆరలేదు. విజయనగరాన్ని చివరగా ఏలిన అరవీటి వంశం వాళ్ళు తరువాతి కాలంలో ఇక్కడే స్థిరపడ్డారు, ఆ వారసుల కుటుంబం ఇప్పటికీ ఉంది. నిజాం కాలంలో ఈ ఒడ్డు హైదరాబాదు సంస్థానం, ఆ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ. నది దాటితే ప్రభుత్వమే మారిపోయేది.

దాటడానికి పుట్టి ఉండేది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చు, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటించవచ్చు అని. ఇప్పుడు తోలుకి బదులు ప్లాస్టిక్ పట్టా, తారు. అల్లిక పద్ధతి మాత్రం అదే.

ఊళ్ళోకి పాత కోట గుమ్మం గుండా నడిచి వెళ్ళాలి. నడిబజారులో గగన్ మహల్, రంగనాథుడి గుడి, గుడి ముందు చెక్క రథం. ఆ రథం పక్కనుంచే పిల్లలు సైకిళ్ళ మీద బడికి పోతుంటారు. రాతి పునాది మీద మట్టిగోడల ఇళ్ళు, చెక్క స్తంభాల వసారాలు, అరుగుల మీద కబుర్లు. చుట్టూ అరటి తోటలు, వరి చేలు. విజయనగర కాలంలో తవ్విన కాలువల్లో కొన్ని ఈ ప్రాంతంలో ఇప్పటికీ పారుతున్నాయి. గెల కోశాక అరటిబోదెను పారెయ్యరు. పట్టలు ఒలిచి ఎండబెట్టి, సన్నగా చీల్చి, ఆడవాళ్ళు వసారాలో కూర్చుని తాడు పేనుతారు. ఆ తాడుతో సంచులు, బుట్టలు, చాపలు అల్లుతారు. 1997లో మొదలైన కిష్కింద ట్రస్టు ఈ పనిని ఊరి ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు తెచ్చే వృత్తిగా మార్చింది. పాత ఇళ్ళను బాగుచేసి అతిథులను దింపే పద్ధతి కూడా వాళ్ళు అలవాటు చేశారు. పాత ఊరు నిలవాలంటే అందులో ఉండేవాళ్ళకి అక్కడే నాలుగు మెతుకులు దొరకాలి. ఆ సంగతి ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఈ ఊరికి వంతెన ఒక పెద్ద గాయం. హంపీ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఈ నది మీద వంతెనల నిర్మాణం వల్ల 1999లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోకి చేరి, 2006లో బయటపడింది. 2009 జనవరిలో, కడుతుండగానే ఆనెగొంది వంతెన కూలి కూలీలు చనిపోయారు. వారసత్వం కాపాడాలన్న వాదన సరైనదే. కానీ వరద వచ్చినప్పుడు ఆస్పత్రికి వెళ్ళలేక ఒడ్డున నిలబడిన ఊరివాళ్ళ బాధ అంతకంటే చిన్నది కాదు. చివరికి దిగువన బుక్కసాగరం, కడెబాగిలు మధ్య వేరే వంతెన వచ్చింది. మొదటే అలా ఆలోచించి ఉండాల్సింది. ఇప్పటికీ ఆనకట్ట గేట్లు ఎత్తితే అవతల పురందర మండపం మునుగుతుంది, నది నడుమ లంకలో మధ్వ యతుల సమాధులున్న నవబృందావనానికి దారి మూసుకుపోతుంది, పడవలు ఆగిపోతాయి.

ఆనెగొంది దాటి గంగావతి వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. ఆనకట్ట వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు ఇక్కడికొచ్చి భూములు కొని వరి వేశారు. వాళ్ళ పల్లెలను ఈనాటికీ క్యాంపులనే పిలుస్తారు. నది మాత్రం మంత్రాలయం, కర్నూలు మీదుగా సాగి, అలంపురంలో చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలను ఒరుసుకుంటూ కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరి కూడవెల్లి గుడి శ్రీశైలం జలాశయం ముంపులో పడుతుందని రాళ్ళు విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. గుడినైతే అలా ఎత్తి తీసుకుపోవచ్చు. ఊరిని ఎలా తీసుకుపోతాం?

హంపీ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. ఒక్కరోజు ఎక్కువ పెట్టుకుని నది దాటండి. రాత్రి ఆనెగొందిలోనే ఉండండి, అరటినార సంచి అల్లినవాళ్ళ దగ్గరే కొనండి. చెక్కడపు గుమ్మం కనబడగానే ఫోటో తియ్యకండి, అడిగి తియ్యండి. అది ఎవరో కాపురముంటున్న ఇల్లు.