గెలిచే జట్టు ఎక్కడ ఆడాలి?

మా ఆశ్రమ పాఠశాల ఆడపిల్లల ఖో-ఖో జట్టు మూడేళ్లుగా తోటి ఆశ్రమ పాఠశాలల పోటీల్లో ఓడలేదు. పోయినేడు ఒక పి.ఇ.టి. సారు, "మీతో ఆటంటే మా పిల్లలు ముందురోజు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు మాస్టారూ" అన్నాడు. నవ్వేశాను గాని, ఆ మాట నాతోనే ఇంటికి వచ్చింది.

కాలిఫోర్నియాలో డి లా సాల్ అనే ప్రైవేటు హైస్కూలుంది. అమెరికా ఫుట్‌బాల్‌లో, అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆటలో, 1992 నుంచి 2004 దాకా వరసగా 151 ఆటలు గెలిచింది. ఆ దేశంలో చాలాచోట్ల బడిలో పిల్లలెందరన్నదాన్ని బట్టే డివిజన్లు వేస్తూ వచ్చారు. ప్రైవేటు బడి దూరపు ఊరి పిల్లవాణ్ణయినా చేర్చుకోగలదు. ప్రభుత్వ బడికి చాలావరకు తన పేట పిల్లలే దిక్కు. హాజరుపట్టీలో పేర్లు లెక్కపెడితే బలం తెలుస్తుందా? అలాంటి జట్టు పై డివిజన్‌లో ఆడాల్సిందే అంటాను. కాకపోతే ఏటా చూసుకోవాలి. పెద్ద తరగతి వెళ్లిపోతే జట్టే మారిపోతుంది.

వాళ్లు మాత్రం ఎవరో తోసేదాకా కూర్చోలేదు. 2001లో తామే వెళ్లి లాంగ్ బీచ్ పాలీ అనే గట్టి జట్టుతో తలపడి 29-15తో గెలిచారు. 2004లో బెల్‌వ్యూ చేతిలో 39-20తో ఓడారు కూడా.

మైదాన ప్రాంతం వాళ్లతో ఆడతారా అని మా పిల్లల్ని అడిగాను.

"ఓడిపోతే తిడతారా సార్?" అంది ఒకమ్మాయి.

తిట్టనన్నాను. వచ్చే శనివారం ఆట. బస్సు చార్జీలు ఇంకా సమకూరలేదు.