రసీదు రాని ఖర్చులు

బంగారం కొనేటప్పుడు మన ఆడవాళ్ళను గమనించారా? గ్రాము ధర బోర్డు మీద రాసే ఉంటుంది, దాని మీద బేరం నడవదని వాళ్ళకు తెలుసు. అడిగేదంతా తరుగు ఎంత, మజూరీ ఎంత అనే. రాళ్ళ బరువు తీసేసి తూకం వేశారా అని రెండోసారి కూడా అడుగుతారు. రేపు అవసరం పడి ఆ గాజులు అమ్మితే తరుగూ మజూరీ తిరిగి రావని, కట్టిన జీఎస్టీ అసలే రాదని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. ధర వేరు, ఖర్చు వేరు అని ఇంత చక్కగా తెలిసిన మనం ఆ దుకాణం మెట్లు దిగగానే ఆ తెలివిని ఎందుకు అక్కడే వదిలేసి వస్తామో నాకు అర్థం కాదు.

మ్యూచువల్ ఫండునే తీసుకోండి. దాన్ని నడిపే సంస్థ తన ఖర్చుల కింద ఏటా కొంత శాతం తీసుకుంటుంది. దానికి మనకు బిల్లు రాదు. రోజూ కాస్త కాస్తగా తీసేసుకుని, మిగిలిన దాన్నే యూనిట్ విలువగా చూపిస్తారు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, ఎంత తీసుకుంటున్నారో ప్రకటిస్తారు కూడా. చూడనిది మనమే. 2013 జనవరి నుంచి ఫండుల్లో ‘డైరెక్ట్’, ‘రెగ్యులర్’ అని రెండు రకాలు ఉన్నాయి. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి కోత కాస్త ఎక్కువ. తేడా ఒక్క శాతమే అనుకుందాం. లక్ష రూపాయలు ఏటా 12 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్ళకు దాదాపు 9 లక్షల 64 వేలు అవుతుంది. 11 శాతమే పెరిగితే 8 లక్షల 6 వేలు. తేడా 1 లక్షా 58 వేలు, అంటే మనం మొదట పెట్టిన సొమ్ముకన్నా ఎక్కువ! మార్కెట్ పడిపోయి గుండె జారినప్పుడు ‘ఇప్పుడు అమ్మకండి’ అని ఆపే మంచి ఏజెంటుకు ఆ డబ్బు ఇవ్వొచ్చు, నేను కాదనను. కాకపోతే ఇస్తున్నామని తెలిసి ఇవ్వాలి. 2016 అక్టోబరు నుంచి ఆరు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంటులో ఏజెంటుకు ముట్టిన కమిషన్‌ను రూపాయల్లోనే వేస్తున్నారు. ఆ పేజీ చదవండి. చీటీలు వేసేవాళ్ళు కూడా ఒక మాట గుర్తుపెట్టుకోండి: నిర్వాహకుడి కమిషన్ పరిమితిని 2019లో చట్టం సవరించి 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు.

డబ్బు సంగతి నయం, అడిగితే ఎక్కడో ఒకచోట అంకె దొరుకుతుంది. చదువు దగ్గరికి వస్తే అదీ దొరకదు.

మీవాడి ఇంటర్‌కు ఎంతవుతోందని అడిగితే ఏ తల్లిదండ్రులైనా ఫీజే చెబుతారు. హాస్టల్ నుంచి ఔటింగ్ ఇచ్చే ఆదివారం ఊళ్ళోంచి తొలి బస్సు పట్టుకుని, టిఫిన్ క్యారియర్లు మోసుకెళ్ళి, చెట్టు కింద తినిపించి రాత్రికి ఇల్లు చేరే అమ్మానాన్నలను ఆ ఫీజులో ఎక్కడ కలుపుతాం? ఆ రోజు పోయిన కూలి? అన్న చదువుకోసం ‘ఊళ్ళో ఉన్న కాలేజీలో చేరు’ అని ఆపేసిన చెల్లెలి సీటు? ఈ చివరిది రాస్తుంటే నాకు చెయ్యి బరువెక్కుతోంది. రసీదు లేనంత మాత్రాన ఖర్చు మాయం కాదండీ. ఇంట్లో ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఎక్కువసార్లు ఎవరి కాలానికి మనం వెల కట్టమో వాళ్ళే కడతారు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని కాదు. కాలేజీ ఫీజు ప్రభుత్వమే భరించినా పేద పిల్లలకు తిండీ గదీ ఎలా అన్న ప్రశ్న మిగులుతుంది. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వసతి దీవెన మొదలుపెట్టినప్పుడు ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ, ఇంజనీరింగ్‌లకు 20 వేలు అన్నారు. ఆ సొమ్ము సరిపోతుందా అంటే పట్నంలో హాస్టల్ అద్దె కడుతున్నవాళ్ళే చెప్పాలి. అయినా ఫీజు పక్కన ఇంకో ఖర్చు ఉందని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

అంతకు చాలా ముందే శాంతా సిన్హాగారు ఈ లెక్కను అడుగునుంచి చూశారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ తరఫున వెట్టి పిల్లలను, పొలాల్లో పనిచేసే పిల్లలను బడికి తెచ్చిన పని ఆవిడది, 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పేదవాళ్ళకు బిడ్డ తెచ్చే కూలి కావాలి, అందుకే బడికి పంపరు అని పెద్దలంతా తేల్చేసిన కాలం అది. కానీ ఆ కూలి పోయినా పర్వాలేదు, మేం పడతాం, పిల్లలు చదవాలి అనే తల్లిదండ్రులు ఆవిడకు ఊరూరా కనబడ్డారు. వాళ్ళకు అడ్డం వచ్చినవి వేరే: పుట్టిన తేదీ కాగితం, టీసీ, కులం సర్టిఫికెట్. చదువుకున్న మనకు ఒక్కో కాగితం ఒక సంతకం. కూలి మనిషికి మండలాఫీసుకు ఒక్కో తిరుగుడూ ఒక రోజు కూలి, బస్సు చార్జీ, ‘రేపు రా’ అన్న మాట. ఉచిత విద్య అనే మాట పలికే ముందు ఆ తిరుగుడును లెక్కలో వేసుకోవాలని నా గట్టి నమ్మకం.

అమెరికా చదువుల్లోనూ అంతే. 10 శాతం వడ్డీకి 40 లక్షలు అప్పు తెస్తే, మొత్తం చేతికందాక ఏడాదికి 4 లక్షలు వడ్డీయే. వాయిదాలు చదువయ్యాకే మొదలవుతాయి కదా అని ఊరుకుంటాం, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడే ఉద్యోగం చేసుంటే వచ్చే రెండేళ్ళ జీతం కూడా ఆ చదువు ఖరీదులో భాగమే. వెళ్ళొద్దని అనడం లేదు, ఈ రెండూ కలిపి కూడి చూశాకే వెళ్ళమంటున్నాను.

ఇక వ్యాపారం. మన వీధిలో కర్రీ పాయింట్ పెట్టుకున్న భార్యాభర్తలు రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకుని, కూరగాయలు, నూనె, గ్యాస్ బండ తీసేసి మిగిలిందంతా లాభం అనుకుంటారు. షట్టర్ సొంత ఇంటిదే కాబట్టి అద్దె రాయరు. తెల్లవారుజామునుంచి ఇద్దరూ చేసిన చాకిరీకి జీతం రాయరు. అదే పని ఇంకొకరి దగ్గర చేసి, షట్టర్ అద్దెకిచ్చుకుంటే ఎంత వచ్చేదో వేసి చూస్తే, కొన్ని ‘లాభాలు’ తమ జీతం తామే కోసుకోగా మిగిలినవని తేలుతుంది.

ఈ లెక్కను మన దేశంలో పద్ధతిగా కట్టేది ఒక్క రైతు విషయంలోనే, చిత్రంగా ఎక్కువ అన్యాయం జరిగేదీ అక్కడే. 1965లో ఏర్పడిన ధరల కమిషన్‌ను ఇప్పుడు వ్యవసాయ ఖర్చుల, ధరల కమిషన్ అంటున్నాం. అది సాగు ఖర్చును మెట్లు మెట్లుగా చూస్తుంది. విత్తనం, ఎరువు, కూలీలు, కట్టిన కౌలు లాంటి జేబులోంచి పోయిన ఖర్చులన్నీ ‘ఏ2’. దానికి ఇంటిల్లిపాది పొలంలో చేసిన పనికి కూలి కలిపితే ‘ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్’. సొంత భూమికి అద్దె, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ‘సి2’. రైతు భార్య నాట్లేసిన రోజులకు విలువ కట్టిన పద్దు ఇదొక్కటే అనిపించి, మొదటిసారి చదివినప్పుడు ఆ అంకెల మీద గౌరవం కలిగింది.

కానీ మద్దతు ధర కట్టేది రెండో మెట్టు మీద. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరి ఖర్చు క్వింటాలుకు 1,579 రూపాయలని తేల్చి, దానికి సగం కలిపి 2,369 ప్రకటించారు. సొంత భూమి అద్దె, సొంత పెట్టుబడి వడ్డీ మూడో మెట్టు మీదే ఉండిపోయాయి. షట్టర్ అద్దె రాయని కర్రీ పాయింట్ లెక్కే ఇది, దేశమంతటికీ.

పైగా ఆ 1,579 అందరి సగటు. సొంత మడి ఉన్న రైతూ, ఎకరానికి ఇన్ని బస్తాలని మాటిచ్చి చేసే కౌలు రైతూ అందులో కలిసిపోయారు. కౌలు రైతుకు భూమి అద్దె కాగితం మీది ఊహ కాదు, పంట చేతికొచ్చీ రాకముందే కొలిచి ఇచ్చేయాల్సిన ధాన్యం. సగటులో అది పలచబడుతుంది, ఆయన గాదెలో పలచబడదు. మద్దతు ధరను సి2 మీద కట్టమని రైతు సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నాయి. నేను వాళ్ళ పక్షమే.