వలిసె పూల వేళ తేనెపెట్టెలు

అరకులో వలిసె పూలు విరగబూశాయి, చూసి రాసి పంపమన్నారు సంపాదకులు. పూల గురించి రాసేవాళ్లు ఏటా ఉంటారు. నేను చేను గట్టు మీది తేనెపెట్టెల దగ్గరే ఆగిపోయాను.

డిసెంబరు ఉదయం, మంచు ఇంకా విడలేదు. మూత తీసి చూపించమంటే ఆ గిరిజన రైతు ఒప్పుకోలేదు. "ఎండెక్కనీ బాబూ. ఇప్పుడు తీస్తే లోపలి పిల్ల చలికి సచ్చిపోద్ది." పెట్టె గోడకు అరచెయ్యి ఆనించాడు. వెనక వైపు కాస్త పైకెత్తి, బరువు చూసి దించాడు. గోనెసంచి సర్ది, చీమలెక్కకుండా పెట్టె కాళ్ల కింది ముంతల్లో నీళ్లు పోశాడు. తొందర లేదు, ఒక్క కదలిక వృథా లేదు. ఆ చేతుల్ని ఎంతసేపైనా చూడొచ్చు.

బయట ఎంత చలైనా పిల్ల ఉన్న తెట్టెల దగ్గర 34, 35 డిగ్రీల వేడి ఉండాలి. ఈగలు ఒత్తుగా గుమిగూడి, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను వణికించి ఆ వేడి పుట్టిస్తాయి. అందుకు ఖర్చయ్యేది తేనే. మంచు కురిసే దేశాల్లో ఈగలు శీతాకాలమంతా నిల్వ తేనె తిని గడుపుతాయి. మన మన్యంలో ఇదే వాటికి సుగ్గి. ఎండ పొడవగానే పుట్ట తేనెటీగలు చేలోకి దిగాయి, కాళ్లకు పసుపు పుప్పొడి ఉండలతో తిరిగొచ్చాయి. అప్పుడు గానీ ఆయన మూత తియ్యలేదు.

వలిసె పువ్వు సొంత పుప్పొడితో గింజ కట్టదు. పక్క మొక్కది కావాలి, దాన్ని మోసుకొచ్చేది ఎక్కువగా ఈ ఈగలే. నూనెగింజా తేనే రెండూ వాటి చలవే. అలాంటి చేలో ఫొటోల కోసం జనం మొక్కల్ని తొక్కుకుంటూ పోతుంటే నాకు కోపం ఆగలేదు.

రైతు బాధ వేరు. "సీసాలో పేరుకుంటే పంచదార కలిపేవంటన్నారు. తిప్పి పంపేత్తన్నారు." గ్లూకోజు ఎక్కువున్న తేనె చలికి గడ్డకడుతుంది, వలిసె తేనె మరీ తొందరగా. పేరుకోవడం కల్తీకి రుజువు కాదు. కాచి, సన్నగా వడగట్టి, ఏడాదంతా పలచగా మెరిసేలా అమ్మే సరుకుకి మన కళ్లు అలవాటుపడ్డాయి. ఆ అలవాటుకి నష్టపోతున్నది కొండ మీది రైతు.

ఇంట్లో తేనె పేరుకుంటే దయచేసి తిప్పి పంపకండి. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. అరకు వెళితే పూలను గట్టు మీద నిలబడి చూడండి.