పదిమంది నోట పడితే

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో తెలుగు నేత కుటుంబాల ఫోన్లకు రెండు దిక్కుల కబుర్లూ అందుతాయి. మరాఠీలో ఊరివి, తెలుగులో తెలంగాణ చుట్టాలవి. 2018 వేసవిలో రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే పుకారు: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట! రెండు చోట్ల నుంచి వినేసరికి నిప్పు లేనిదే పొగ రాదనిపిస్తుంది. ఆ రెండు నోళ్లకూ మాట ఒకే చోటి నుంచి వచ్చిందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఆ జూలై 1న ధూళే జిల్లా రాయిన్‌పాడలో ఆదివారం సంత. భిక్షాటనకు వచ్చిన నాథపంథీ డవరి గోసావి సంచారుల్లో ఒకరు ఓ చిన్నపిల్లతో మాట్లాడబోయారు. అంతే. జనం మూగి, పంచాయతీ ఆఫీసు గదిలోకి తోసి కొట్టారు. ఐదుగురు పోయారు. వారిలో ఎక్కువమంది సోలాపూర్ జిల్లా మంగళవేఢా తాలూకావాళ్లే. కర్రెత్తిన పదోవాడు అసలేం చూసి ఉంటాడు? ముందున్న తొమ్మిదిమంది వీపులు!

ఇలా ఎదుటివాళ్లను చూసి నమ్మితే ఏమవుతుందో 2011లో అచ్చయిన ఓ అధ్యయనం చూపింది. అందులో జ్యూరిచ్ పరిశోధకులు 144 మంది విద్యార్థులతో అంచనాలు కట్టించారు. తోటివాళ్ల జవాబులు చూపించాక అంకెలు దగ్గరపడ్డాయి, గుంపు గురి మెరుగవలేదు. ధీమా మాత్రం పెరిగింది.

2018లో ఆ పుకారును ఆపడానికి తెలంగాణలోని గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పల్లెలకు పోలీసులను పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించారు. నోటిమాటకు నోటిమాటే విరుగుడన్నమాట. వాట్సాప్ కూడా ఆ ఏడాది జూలైలోనే మన దేశంలో ఫార్వర్డ్‌కు ఐదు చాట్ల హద్దు పెట్టింది. చదవకుండానే పంపే వేలికి ఇంకోసారి నొక్కడం పెద్ద శ్రమేమీ కాదు లెండి.