రానని చెప్పిన గాల్

జోనథన్ గ్లేజర్ తొలి చిత్రం 'సెక్సీ బీస్ట్' 2000లో టొరంటో చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, 2001 జనవరిలో బ్రిటన్ థియేటర్లకు వచ్చేనాటికి అక్కడి విమర్శకులు గ్యాంగ్‌స్టర్ కథలతో విసిగిపోయి ఉన్నారు. 1998లో గై రిచీ తీసిన 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్' విజయం చూసి, లండన్ శ్రామికవాడల కాక్నీ యాసలో చమత్కారాలు విసురుకుంటూ తుపాకులు పేల్చుకునే ముఠాల సినిమాలు వరసగా వచ్చిపడ్డాయి. అప్పటివరకు వ్యాపార ప్రకటనలు, సంగీత వీడియోలు తీసి పేరు తెచ్చుకున్న ఒక యువకుడు అదే బాట పట్టాడంటే అనుమానంతో చూడడం సహజమే. అయినా ఈ 89 నిమిషాల చిత్రం ఆ వరసలో కలిసిపోలేదు. పైగా 2001 బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డులలో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, రచన బహుమతులు మూడూ దానికే దక్కాయి.

కథానాయకుడు గాల్ డోవ్ దొంగతనాలకు స్వస్తి చెప్పి, భార్య డీడీతో దక్షిణ స్పెయిన్‌లో ఒక కొండవాలు ఇంట్లో స్థిరపడిన లండన్ నేరస్థుడు. ఈ నేపథ్యం రచయితలు ఊహించి కల్పించింది కాదు. ఒక దేశంలో నేరం చేసి మరో దేశానికి పారిపోయినవారిని తిరిగి అప్పగించుకునే ఒప్పందం బ్రిటన్, స్పెయిన్‌ల మధ్య 1978లో ముగిసిపోయి, 1985 దాకా కొత్తది అమలులోకి రాకపోవడంతో, ఆ నడిమి కాలంలో లండన్ దొంగలకు దక్షిణ స్పెయిన్ సముద్రతీరం ఆశ్రయమైంది. 1983లో లండన్‌లోని సెక్యూరిటీ ఎక్స్‌ప్రెస్ సంస్థ నుంచి 60 లక్షల పౌండ్లు దోచుకున్న కేసులో అనుమానితులు కొందరు చేరుకున్నదీ అక్కడికే. బ్రిటిష్ పత్రికలు కోస్టా దెల్ సోల్ అనే ఆ తీరం పేరును మార్చి కోస్టా దెల్ క్రైమ్ అని రాయడం అప్పటి నుంచే. స్టీఫెన్ ఫ్రియర్స్ 1984లోనే 'ది హిట్'లో స్పెయిన్‌లో తలదాచుకున్న లండన్ నేరస్థుడి కథ చెప్పాడు కనుక, గ్లేజర్ చిత్రానికి ఒక పూర్వరూపం కూడా ఉంది.

గాల్ ఇంటికి పాత పరిచయస్థుడు డాన్ లోగన్ వస్తాడు. లండన్‌లో ఒక బ్యాంకు లాకర్ల గదిని కొల్లగొట్టే పనికి గాల్‌ను ఒప్పించి తీసుకువెళ్లడమే అతనికి అప్పగించిన బాధ్యత. గాల్ రానంటాడు, డాన్ అదే ప్రశ్నను వేర్వేరు స్వరాలలో, బుజ్జగింపుగా, ఎగతాళిగా, బూతుగా, మళ్లీ మళ్లీ అడుగుతాడు. అతను గాల్‌పై చేయి చేసుకోకపోలేదు గాని, ఆ ఇంటిల్లిపాదినీ వణికించేది అతని మాట తీరే. ఇర్వింగ్ వార్డిల్ అనే నాటక విమర్శకుడు 1958లో హెరాల్డ్ పింటర్ వంటి రచయితలను చర్చిస్తూ వాడిన 'కామెడీ ఆఫ్ మెనేస్' అనే మాటకు, అంటే నవ్వు పుట్టిస్తూనే ఎదుటివాణ్ణి మూలకు నెట్టే సంభాషణా రీతికి, ఈ సన్నివేశాలు చక్కని ఉదాహరణ. పింటర్ నాటకం 'ది బర్త్‌డే పార్టీ'లో కూడా ఎక్కడో తలదాచుకున్న మనిషిని వెంటబెట్టుకుపోవడానికి ఇద్దరు ఆగంతకులు వస్తారు. రచయితలు లూయీ మెల్లిస్, డేవిడ్ సింటో రాసిన సంభాషణలలో విమర్శకులు పింటర్ ధోరణిని గుర్తించడం సబబే.

విమర్శకుల ప్రశంసలలో అత్యధిక భాగం డాన్‌గా నటించిన బెన్ కింగ్‌స్లీకి దక్కింది. చిత్రానికి వచ్చిన ఏకైక ఆస్కార్ నామినేషన్ కూడా సహాయ నటుడిగా అతనిదే. గుజరాతీ మూలాలున్న వైద్యుడికి కృష్ణా భాంజీ అనే పేరుతో పుట్టిన ఈ నటుణ్ణి భారతీయులు, వారిలో తెలుగువారు కూడా, 1982 నాటి 'గాంధీ'తో గుండెకు హత్తుకున్నారు. ఆ ముఖమే ఆతిథ్యమిచ్చిన ఇంటి స్నానాలగది నేలమీద కావాలని మూత్రం పోయడం, అద్దంలో తనతో తానే కోపంగా వాదించుకోవడం చూసినప్పుడు కలిగే దిగ్భ్రాంతి చిన్నది కాదు. ఆ నటనకు వచ్చిన ప్రతి పొగడ్తా న్యాయమైనదే. కానీ ఆ పొగడ్తల హోరులో గాల్‌గా నటించిన రే విన్‌స్టన్ వెనకబడిపోవడం మాత్రం న్యాయం కాదు. అరిచే పాత్ర చూపరుల దృష్టిని తనంత తాను లాక్కుంటుంది. కళ్లు దించుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మర్యాద తప్పకుండా రానని చెప్పడానికి తడబడే భారీకాయుణ్ణి పోషించడం అంతకన్నా కష్టం. గాల్ చెప్పే ప్రతి కారణాన్నీ డాన్ తుంచివేస్తుంటే, విన్‌స్టన్ ముఖంలో సిగ్గు, భయం, భార్యపై ప్రేమ ఒకదాని వెనుక ఒకటి కదులుతాయి. ఈ చిత్రానికి ప్రాణం అక్కడే ఉంది.

ప్రవాసంలో ఉన్న తెలుగు ప్రేక్షకులకు ఈ పాత్ర మరింత దగ్గరగా తోచడానికి నేర ప్రపంచంతో నిమిత్తం లేదు. దూరదేశంలో ఇల్లు కట్టుకుని, అక్కడి ఎండకూ గాలికీ అలవాటుపడినవారిని కూడా సొంత ఊరి పరిచయాలు, పాత మొహమాటాలు వెతుక్కుంటూ వస్తాయి. అడిగేవారికి అడిగే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోయినా, కాదనడానికి సంజాయిషీ చెప్పుకోవలసినవారు మాత్రం దూరాన ఉన్నవారే. గాల్ తనకు ఇంగ్లండ్ మీద బెంగ లేదని చిత్రారంభంలోనే తెగేసి చెబుతాడు. అది అబద్ధం కాదు. అయినా లండన్ అతన్ని వదలదు. ఆ ఒత్తిడిని ఇంత సూటిగా చూపిన వలస కథలు అరుదు.

డాన్ కథలోంచి తప్పుకున్నాక చిత్రం పట్టు సడలిందనీ, లండన్‌లో జరిగే దోపిడీ భాగం తేలిపోయిందనీ కొందరు విమర్శకుల అభిప్రాయం. వినోదం తగ్గిన మాట వాస్తవమే గాని, ఆ భాగం లేకపోతే కథకు అర్థమే లేదు. డీడీ చేతిలో తుపాకీ గుండుకు డాన్ బలైన తరువాత, ఎవరికీ అనుమానం రాకూడదని గాల్ తానుగా లండన్ వెళ్లి, బ్యాంకు పక్కనున్న టర్కిష్ స్నానశాల కొలను అడుగున గోడ తొలిచే పనిలో దిగుతాడు. రానన్న మనిషే చివరికి వస్తాడు. అడిగినవాడు చనిపోయినా వెళ్లక తప్పకపోవడంలోని దుఃఖాన్ని, దోపిడీ ముఠా నాయకుడు టెడ్డీ బాస్‌గా ఇయన్ మెక్‌షేన్ నిశ్శబ్దంగా చూసే చూపు మరింత పెంచుతుంది. డాన్ అరుపులకు నవ్వు వచ్చింది. టెడ్డీ మౌనంలో ఆ వెసులుబాటు కూడా లేదు.

గాల్, డాన్‌ల యౌవనాన్ని చూపుతూ 2024లో పారమౌంట్ ప్లస్‌లో ఒక ధారావాహిక వచ్చింది. మూల చిత్రం ఆ గతాన్ని దాదాపు మాటుననే ఉంచి, ఇద్దరి మధ్య ఏ రుణం మిగిలి ఉందో పూర్తిగా చెప్పకుండా వదిలింది. డాన్ వస్తున్నాడని తెలియగానే భోజనపు బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి ముఖాలు పాలిపోవడంతోనే గ్లేజర్ ఆ గతాన్ని చెప్పే పని ముగించాడు.