అద్దాల రవిక

మా కోడలు మొన్న వేసవిలో మనాలీ వెళ్ళొచ్చింది. వచ్చీ రాగానే, పెట్టెలైనా విప్పకుండా ఓ ఫోటో చూపించింది. ఒంటికి గళ్ళ ఉన్ని బట్ట చుట్టి, భుజాల దగ్గర వెండి పిన్నులతో బిగించి, తలకి రుమాలు కట్టుకుని నిలబడి ఉంది. కులూ లోయలో ఆడవాళ్ళు కట్టుకునే ‘పట్టు’ అట అది. పేరు పట్టే గానీ నేసేది ఉన్నితో. యాత్రికులకి ఫోటోల కోసం అద్దెకిస్తారట.

“అచ్చం కొండపిల్లలా లేనూ అత్తమ్మా?” అంది మురిసిపోతూ.

“ఉన్నావులేమ్మా” అన్నాను గానీ నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. అలాంటి ఫోటో నాదీ ఒకటుంది మరి!

మా పుట్టిల్లు జనగామ. నాన్నకి తాలూకాఫీసులో ఉద్యోగం కావడంతో 1977లో మహబూబాబాదులో కాపురం ఉన్నాం. కాగితాల మీద ఏం రాసినా అందరి నోటా అది మానుకోటే. అక్కడ మా ఇంటికి తండా నుంచి ఒకామె సీతాఫలాలు, కట్టెలమోపూ తెచ్చేది. వాళ్ళ భాషలో అమ్మని ‘యాడి’ అంటారు. వాళ్ళ పిల్ల పిలవగా విని మేమూ యాడి అనే పిలిచేవాళ్ళం.

యాడి వస్తోందంటే వీధి మలుపులోనే తెలిసేది, గజ్జెల చప్పుడు! ఎర్రటి కుచ్చుల పేటియా, అద్దాలు కుట్టిన కాంచళి, తల మీంచి వీపు మీదికి జారే టుక్రీ, చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు, మోచేతి పైదాకా తెల్లటి గాజులు. అంచుల్లో గవ్వలూ, పాత నాణేలూ. మా అమ్మ ఆమెని అరుగు మీదే కూర్చోబెట్టి, కొసరు కోసం పేచీ పెట్టేది. నేను మాత్రం ఆ అద్దాల్లో నా ముఖం వెతుక్కునేదాన్ని.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో నాది లంబాడీ నృత్యం. బట్టలు ఎక్కడ దొరుకుతాయి? అమ్మ యాడినే అడిగింది. యాడి కాసేపు తటపటాయించి, మర్నాడు పాత గుడ్డలో మూట కట్టి, తన పెళ్ళినాటి జత తెచ్చింది.

“పైలం బిడ్డా, ఒక్క అద్దం గూడ ఊడొద్దు. మా అమ్మ కుట్టింది” అంది.

నాకు మొదటి బహుమతి వచ్చింది. నాన్న స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించారు. ఇంతవరకూ బాగానే ఉంది కదూ? ఇక చెప్పడానికి సిగ్గయ్యే సంగతి చెబుతాను.

యాడి కూతురు నా తరగతిలోనే చదివేది. బడికి వచ్చిన మొదటి రోజు ఆ పిల్లా పేటియా, కాంచళితోనే వచ్చింది. గజ్జెలు మోగుతున్నాయని మేమంతా నవ్వాం. అవును, నేనూ నవ్వాను. నాలుగో రోజుకల్లా పరికిణీ జాకెట్లోకి మారిపోయింది. ఆ పిల్ల ఒంటి మీద నవ్వు తెప్పించిన బట్టలే నా ఒంటి మీద బహుమతి తెచ్చాయి! చప్పట్లు కొడుతున్న వాళ్ళలో ఆ పిల్ల ఉందో లేదో, ఆనాడు నేను చూడనైనా లేదు.

పెళ్ళయ్యాక మావారి బొగ్గుగని ఉద్యోగంతో భూపాలపల్లి చేరాను. ఇప్పటికీ ఇక్కడే. ఆనాడు మూడూ ఒక్క వరంగల్లు జిల్లా ఊళ్ళే. 2016లో దేని జిల్లా దానిదైంది. పోయిన శ్రావణంలో పక్క కాలనీ వాళ్ళు తీజ్ పండక్కి రమ్మన్నారు. పెళ్ళికాని పిల్లలు తొమ్మిది రోజులు నీళ్ళు పోసి బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలు నెత్తిన పెట్టుకుని, పాడుతూ నడుస్తున్నారు. అందరికీ పేటియాలే. వాళ్ళ వెనక నెరిసిన జుట్టుతో ఒకామె నన్నే పట్టి చూస్తోంది.

“నువ్వు మానుకోటలో సీతాఫలాల బేరం చేసిన అమ్మగారి బిడ్డవు కదూ?”

యాడి కూతురే! నర్సుగా చేసి రిటైరయిందట. యాడి పోయి చాలా ఏళ్ళయిందట.

ఇంటికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. మాటల్లో వాళ్ళ పెద్దల సంగతులు వచ్చాయి. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన జనం వాళ్ళు. రైళ్ళొచ్చి ఆ వ్యాపారం ఊడ్చుకుపోయింది. నైజాం రైలు 1889లో బెజవాడ చేరింది. జనగామ నుంచి మానుకోటకి నేను కిటికీ పక్కన కూర్చుని వెళ్ళిన దారి అదే! 2023 జూలైలో హంపీలో జీ-20 సమావేశం జరిగినప్పుడు, సండూరు వైపు లంబాణీ స్త్రీలు కుట్టినవి 1755 ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డయిందని కూడా ఆవిడే చెప్పింది.

“మరి అమ్మ జత?” అన్నాను, ఉండబట్టలేక.

“నాన్న పోయినప్పుడు ఘుగ్రీలూ, పైగాజులూ తీసేసింది. మాలో అది ఆచారం. తర్వాత పాత బట్టలు కొనేవాళ్ళు వస్తే ఆ జతా అమ్మేసింది, నా నర్సు ట్రైనింగ్‌కి. ఏ సంచీ కుట్టారో, దిండు గలీబు కుట్టారో!” అని ఆగి, మెల్లగా అడిగింది. “నీ ఫోటో ఉందా? మా దగ్గర అమ్మది ఒక్కటీ లేదు. ఆ కాంచళి కుట్టు చూసి మనవరాలికి కుట్టాలని.”

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

ఆ వారమే జనగామ వెళ్ళాను. అమ్మ పాత ట్రంకుపెట్టె అడుగున దొరికింది. నలుపు తెలుపు ఫోటో. రంగులు లేవు గానీ, ప్రతి అద్దం చుట్టూ ఉన్న కుట్టు లెక్కపెట్టొచ్చు. మధ్యలో పళ్ళికిలించుకుని నేను.

తెచ్చిస్తూ, “నా మొహం కత్తిరించేసుకో, ఏమీ అనుకోను” అన్నాను. హాస్యానికన్నానో, నిజంగానే అన్నానో నాకే తెలియదు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఉండనీ. అది అమ్మ ఎవరికిచ్చిందో మనవరాలికి తెలియద్దూ?” అంది.

మా కోడలికి ఇదంతా చెప్పాను. కాసేపు తన ఫోటో కేసి చూసుకుని, “ఆ పట్టు ఎవరిదో అడగనేలేదు అత్తమ్మా” అంది.

నేనూ ఒకప్పుడు అడగలేదు.